మూసి ఉన్న కత్తి

“అది నాదే మేడం” అన్నాడు పరమేష్. “నాది కాదంటె అబద్ధమైతది.”

స్రవంతికి ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్ పనిలో ఉంది. అబద్ధాలాడే నిందితులతో వేగడం ఆమెకు అలవాటే. నిజం చెప్పి తన మెడకు తానే ఉరి బిగించుకునేవాడితో ఏం చేయాలో మాత్రం ఏ కేసూ నేర్పలేదు.

స్టేషన్ గోడ మీద గడియారం పదకొండూ పది చూపిస్తోంది. పరమేష్‌ని నిన్న సాయంత్రం అయిదున్నరకు అరెస్టు చేశారు. ఇవాళ అయిదున్నరలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడి నుంచి నేరుగా జైలు. ఒకసారి హత్య కేసులో లోపలికి వెళ్తే, జవహర్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కతే మిగిలిపోయే తారాబాయి కొడుకును మళ్లీ ఎప్పుడు చూస్తుందో చెప్పలేం. ఆ తారాబాయే ఇవాళ పొద్దున్నే ఆరింటికి మచ్చ బొల్లారంలో స్రవంతి తలుపు తట్టింది.

కేసు చూడ్డానికి చాలా తేలిక. శామీర్‌పేట చెరువు దగ్గర కొత్తగా ఒక టెంట్ల విడిది కడుతున్నారు. దానికి విశ్వతేజ, దేవేందర్ ఇద్దరూ భాగస్తులు. సోమవారం ఉదయం ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య విశ్వతేజను అక్కడి మోటారు షెడ్డులో ఎవరో కడుపులో పొడిచి చంపారు. స్టార్టర్ డబ్బా వెనక ఒక మడత కత్తి దొరికింది. కార్బన్ ఫైబర్ పిడి, అరవై గ్రాముల బరువు, చొక్కా జేబులో పెట్టుకున్నా తెలియదు. అక్కడ డ్రిప్ పైపులు వేసే పరమేష్ దగ్గర అలాంటి కత్తి ఉందని సైటులో అందరికీ తెలుసు. పోలీసులు చూపించి అడిగితే, అతను రెండో మాట లేకుండా నాదేనన్నాడు.

“చేతిల పట్టుకొని చూసినవా?” అడిగింది స్రవంతి.

“పట్టుకోనియ్యలే. కవర్ల పెట్టి సూపెట్టిండ్రు. నల్లగ, నేసినట్టు గీతలుంటయ్. గసుంటిది మా సైటు మీద ఇంకెవ్వరి తాన సూడలే. నాదే అన్న.”

“సోమవారం నీ దగ్గరనే ఉన్నదా మరి?”

“శనివారమే పోయింది మేడం. పైపులేసే కాలువ గట్టు మీద పెట్టి పైపు కలిపిన. మన్ను గుంజేటప్పుడు దాంతోనే లోపల పడ్డట్టుంది. ఆదివారం పోయి మస్తు ఎతికిన. అమ్మకు చెప్పలే. దాని ధర తెలిస్తె ఇంట్లకు రానియ్యదు.”

“విశ్వతేజతో గొడవేంది?”

“గొడవేం లేదు. కాలువ తవ్వుతుంటె రాళ్లు తగిలినయ్, రెండు. నంబర్లు కొట్టిన రాళ్లు. బోర్ల పండవెట్టి మన్ను కప్పిండ్రు. తేజ సారును పిలిచి సూపెట్టిన. ఆయన మొకం పాలిపోయింది. ఫోటోలు తీసుకుండు.”

స్రవంతి కలం ఆగిపోయింది. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో చూపించడానికి సర్కారు పాతే హద్దు రాళ్లవి. అవి ఆ స్థలంలో దొరికాయంటే విడిది కడుతున్నది చెరువు భూమిలో. ఆ భూమిని తెచ్చి విశ్వతేజకు అంటగట్టింది దేవేందర్.

“ఈ సంగతి సీఐకి చెప్పినవా?”

“అడగలే మేడం.”

అడిగినదానికే జవాబు చెప్పడం, అడగనిది చెప్పకపోవడం. పెద్దవాళ్ల ఇళ్లల్లో, సైట్ల మీద పని చేసి చేసి అతను నేర్చుకున్న మర్యాద అది. ఆ మర్యాదే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది.

“టైమైంది” అంటూ సీఐ రాఘవేందర్ వచ్చాడు. నాలుగేళ్ల కిందట ఇతను మూసేసిన కేసును స్రవంతి తెరిపించింది. పై అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చిన ఆ రోజును అతను మర్చిపోలేదు. “ఏమంటుండు మీ సత్యసంధుడు?”

“కత్తి తనదేనంటుండు సార్.”

“నాకూ అదే చెప్పిండు. నీకు ఫీజు ఎందుకు మరి?” నవ్వాడు రాఘవేందర్. “అయిదింటికి బండి ఎక్కిస్తున్న. అంతదాంక ఎంత తిరుగుతవో తిరుగు.”

పన్నెండూ నలభైకి స్రవంతి మోటారు షెడ్డులో ఉంది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, పైన రేకులు. నేల మీద రక్తం మరకపై ఇసుక చల్లారు. దేవేందర్ తానే కుర్చీ మోసుకొచ్చి వేశాడు. నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. నీళ్ల సీసా మూత తీసి మరీ అందించాడు. ఇంత మర్యాద చేసే సాక్షిని చూస్తే ఆమెకు ఎందుకో మొదటి నుంచీ పడదు.

“సోమవారం ఆరూ ముప్పైకి నేనొచ్చేసరికి ఇద్దరూ ఇక్కడనే నిలవడ్డరు మేడం. పరమేష్ కత్తి తెరిచి తేజ చేతిల పెట్టిండు, బరువు సూడు సార్ అనుకుంట. తేజ సూసి మళ్ల ఆని చేతిలనే పెట్టిండు. తర్వాత ఏందో మాట మాట పెరిగింది. నేను పట్టించుకోలే. ఆరూ నలభైకి సిమెంటు కోసం మేడ్చల్ పోయిన. ఏడున్నరకు తిరిగొచ్చి సూస్తె...” జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

“ఎట్ల ఇచ్చిండు? చూపించున్రి.”

దేవేందర్ ఆమె కలం తీసుకున్నాడు. ఆమె అరచేయి తెరిచి అందులో పెట్టి వేళ్లు మూశాడు. “ఇగో, గిట్ల.” అతని చేయి చల్లగా ఉంది.

స్రవంతి చేయి వెనక్కి తీసుకుని షెడ్డు మూలకు వెళ్లింది. అక్కడ పరమేష్ కోసి పారేసిన డ్రిప్ పైపు ముక్కలు కుప్పగా పడున్నాయి. ఒకటి తీసి అంచు మీద వేలు పెట్టి చూసింది. నున్నగా లేదు. దువ్వెన పళ్లతో గీరినట్టు వరసగా సన్నటి గాట్లున్నాయి. ఇంకో నాలుగు చూసింది, అన్నీ అంతే. అవి ఏం చెబుతున్నాయో అప్పటికి ఆమెకు తెలియలేదు. రెండు ముక్కలు సంచిలో వేసుకుంది.

షెడ్డు బయట కాలువ తవ్విన ఆనవాలే లేదు. కొత్త మట్టి పోసి, రోలరు తిప్పి, పైన నీళ్లు కొట్టారు.

“నిన్ననే పూడిపిచ్చిన మేడం” అన్నాడు వెనక నుంచి దేవేందర్. ఆమె అడగనే లేదు. “చీకట్ల ఎవరన్న పడ్తరని.”

భాగస్తుడి శవం ఇంకా ఆస్పత్రి నుంచి రాకముందే రోలరు తెప్పించిన మనిషి. చుట్టూ ఎవరూ లేరు. కూలీలను సోమవారమే పంపించేశారు.

“పరమేష్ ఇంకేమన్న చెప్పిండా?” మెల్లగా అడిగాడు.

“ఏం చెప్తడు. కత్తి తనదేనన్నడు.”

“అంతేనా?”

“అంతే.”

దేవేందర్ ఊపిరి వదిలాడు. ఆమె కారు ఎక్కి గేటు దాటేదాకా అతను అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాడు.

రెండూ పావుకి ఆమె పేట్ బషీరాబాద్ దాటి, హైవే పక్కన గోపాలరావు కొట్టులో ఉంది. టెంట్లు, తాళ్లు, టార్చిలైట్లు, కత్తులు అమ్మే చిన్న కొట్టు. బ్యాంకులో రిటైరయ్యాక కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఆమె పేరు, పని చెప్పగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఆ అబ్బాయా? ఎందుకు గుర్తుండడండీ. కత్తులు కొనేవాళ్లు రెండు రకాలు. ఒకళ్లు ఫోటో తీసుకోవడానికి కొంటారు, ఒకళ్లు ఎవరో కొన్నారని కొంటారు. పనికోసం కొన్నవాణ్ణి ఈ మూడేళ్లలో అతన్నొక్కణ్ణే చూశాను. గంటన్నర నా ప్రాణం తీశాడు.”

“ఏం చేసిండు?”

“ముందు తన పాత కత్తి చూపించాడండీ. ఇనప ముద్ద. రోజంతా గొంతుక్కూర్చుని పని చేస్తే తొడకి గుచ్చుకుంటోందని, రెండు ప్యాంట్లకి జేబులు చిరిగాయని చెప్పాడు. తేలిగ్గా ఉండాలన్నాడు. సరే, పన్నెండు కత్తులు తీశాను. ఒక్కొక్కటీ జేబులో పెట్టుకుని, ఇదిగో ఇక్కడే గొంతుక్కూర్చుని లేచాడు. జనం చూసి నవ్వుతున్నారు, అతనికి పట్టలేదు. చివరికి కార్బన్ ఫైబర్ పిడి ఉన్నది నచ్చింది. రెండో చేత్తో పైపు పట్టుకుంటానంటూ ఒంటి చేత్తో తెరిచి, ఒంటి చేత్తో మూశాడు. ఇంకో వింతండీ, నేను కత్తి చేతికిస్తే పుచ్చుకోడు! కౌంటరు మీద పెట్టండి సార్, చేతికి తీసుకోవద్దు, గొడవలొస్తయంటాడు. పన్నెండుకి పన్నెండూ కౌంటరు మీద పెట్టించాడు.”

స్రవంతి తలెత్తింది. ఆమె అరచేతిలో దేవేందర్ చల్లటి వేళ్లు ఇంకా ఉన్నట్టే అనిపించింది.

అక్కడి నుంచే తారాబాయికి ఫోన్ చేసింది.

“మా ఇంట్ల కత్తి చేతికిచ్చుడు ఉండది బిడ్డా” అంది తారాబాయి. “ఈళ్ల నాయిన ఒక్కపారి తమ్ముని చేతికెల్లి కొడవలి తీసుకుండు. గా వారంలనే అన్నదమ్ములు విడిపోయిండ్రు. సచ్చేదాంక మాట్లాడుకోలే. గప్పటి సంది కూరగాయల కత్తి గూడ కింద పెడ్తేనే తీసుకుంటడు నా కొడుకు. ఒగల చేతికియ్యడు, ఒగల చేతికెల్లి తీసుకోడు.”

అయితే సోమవారం ఉదయం దేవేందర్ చూసింది ఏమీ లేదు. చూసినట్టు కథ అల్లాడు. తెలుగిళ్లల్లో చాలామంది పాటించేదే, కానీ పరమేష్ ఇంత పట్టుగా పాటిస్తాడని తెలియక బోర్లా పడ్డాడు. స్రవంతికి సంతోషం వేసింది, వెంటనే చల్లారిపోయింది. ఈ ముక్క పట్టుకెళ్తే రాఘవేందర్ పడీ పడీ నవ్వుతాడు.

సంచిలోంచి పైపు ముక్కలు తీసి కౌంటరు మీద పెట్టింది. “ఇవి చూడండి సార్. ఆ కత్తితో కోసినవే. అంచులు ఇట్ల ఎందుకున్నయ్?”

“రంపం పళ్లకి అలాగే ఉంటాయి కదండీ” అన్నాడు గోపాలరావు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. “ఆ రకంలో రెండొస్తాయి. ఒకదానికి అలుగు మొత్తం నున్నటి పదును. ఇంకోదానికి మొదట్లో సగం దాకా రంపం పళ్లు. మూసి ఉంటే రెండింటికీ తేడా ఆ బ్రహ్మకి కూడా తెలియదు. అతను జేబులో పైపు ముక్క తెచ్చుకున్నాడు. నున్నటిదానితో కోస్తే జారిపోయింది. పళ్లున్నది పెట్టగానే పట్టు దొరికింది. బరువు తక్కువుంటే చాలదు సార్, పైపును కొరకాలె అన్నాడు.”

పరమేష్‌కి చూపించింది మూసి ఉన్న కత్తి. కవర్లో ఉంది. అతను పిడి చూసి నాదే అన్నాడు.

“నున్నటిది ఎవరన్న కొన్నరా?”

“ఆ పిడితో నేను మొత్తం అమ్మిందే రెండండీ. రెండోది మూడు వారాల కిందట ఒకాయన పట్టుకెళ్లాడు. తెల్ల చొక్కా. పేరు చెప్పలేదు. మా సైటులో ఒకడి దగ్గర చూశాను, అలాంటిదే కావాలన్నాడు. పళ్లుంటే పండు కోసినప్పుడు చెడిపోతుందని నున్నటిది తీసుకున్నాడు. అయిదు నిమిషాల బేరం.”

“కెమెరా ఉన్నది కదా?”

గోపాలరావు ఇబ్బందిగా నవ్వాడు. “పాస్‌వర్డ్ మా ఆవిడ దగ్గర ఉంటుందండీ. నేను రెండుసార్లు మర్చిపోయానని నాకు చెప్పడం మానేసింది. ఇవాళ కంటి పరీక్షకి వెళ్లింది, నాలుగు దాటాక వస్తుంది. పార్వతీదేవి రాగానే వెతికించి మీ ఫోనుకి పంపిస్తాను.”

నాలుగూ అయిదుకి స్రవంతి స్టేషన్ మెట్లెక్కేసరికి వరండా బెంచీ మీద దేవేందర్ కూర్చుని ఉన్నాడు. సాక్షి సంతకాలకు పిలిచారట. లేచి నమస్కారం పెట్టాడు. ఆ పక్కనే నేల మీద తారాబాయి, ఒళ్లో టిఫిన్ డబ్బాతో. దేవేందర్ ఆమెకు మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు.

రాఘవేందర్ గదిలో స్రవంతి తలుపు వేసి మాట్లాడింది. చేతికి తీసుకోని కత్తి గురించి చెప్పగానే అతను అనుకున్నట్టే నవ్వాడు.

“కోర్టుల జడ్జిగారికి గిదే చెప్తవా? ఇంట్ల మా అమ్మ గూడ గట్లనే అంటది. కోపమొస్తె పొడిచేటోడు కత్తి కింద పెట్టి పొడుస్తడా?”

“అది సరే సార్. దొరికిన కత్తి తెరిచి ఫోటో తీసిన్రా?”

“తియ్యకుంట ఎట్లుంటది?”

“అలుగుకు పళ్లున్నయా?”

“ఏం పళ్లు?”

ఆమె పైపు ముక్కలు బల్ల మీద పెట్టింది. గోపాలరావు చెప్పిందంతా, కాలువలో పరమేష్ చూసిన హద్దు రాళ్ల సంగతీ చెప్పింది. రాఘవేందర్ నవ్వు మెల్లగా మాయమైంది. ఫోనులో ఆ ఫోటో తెరిచి వేళ్లతో పెద్దది చేసి చూశాడు. అలుగు మొదటి నుంచి చివరి దాకా నున్నగా ఉంది. సొరుగులోంచి పోస్టుమార్టం కాగితం తీశాడు. గాయం అంచులు నున్నగా ఉన్నాయని డాక్టరు రాసిన వాక్యం మీద అతని చూపు నిలిచిపోయింది. అప్పుడు లేచి స్వయంగా లాకప్ దాకా నడిచాడు.

“నీ కత్తికి పళ్లున్నయారా?”

“ఉన్నయ్ సార్. సగం దాంక.”

“మరి నిన్న చెప్పలేదేంది?”

“నువ్వు అడగలే సార్. నీదేనా అన్నవు గంతే.”

రాఘవేందర్ మొహం కందగడ్డలా అయింది.

“కాలువ తవ్విస్తే అసలు కత్తి దొరుకుతది” అంది స్రవంతి. “రాళ్లు గూడ దొరుకుతయ్. రాళ్ల సంగతి తెలిసినోళ్లు ముగ్గురే. ఒకాయన చచ్చిపోయిండు. ఇంకొకడు లాకప్‌ల ఉన్నడు. మూడో మనిషి మీ బెంచీ మీద కూసున్నడు సార్.”

“ఆగు, ఆగు. ఒక్క తప్పు చేసిన, రెండోది చెయ్య. వీడియోల మొకం కనిపించాలె, అప్పుడు చేతులేస్త. వీణ్ని మాత్రం నోటీసు మీద సంతకం తీసుకొని పంపిస్త. ఊరు దాటొద్దు.” వెనక్కి తిరిగి కసిగా అన్నాడు, “నీ కోసం కాదు. తప్పు రిమాండు నా చేతుల మీదుగ పోవద్దని.”

నాలుగూ నలభైకి పరమేష్ చెప్పులేసుకుని వరండాలోకి వచ్చాడు. తారాబాయి ఏడుపు గది లోపలికి వినిపించింది. స్రవంతి కళ్లు తుడుచుకుంది, సీఐ చూస్తున్నాడని కూడా అనుకోలేదు. గెలిచానన్న గర్వంతో కుర్చీలోనే కూర్చుండిపోయి గోపాలరావు వాంగ్మూలం ఎప్పుడు రాయించాలో మాట్లాడసాగింది. అప్పుడే లేచి బయటికి వెళ్లాల్సింది. ఆ సంగతి ఆమె జీవితాంతం మర్చిపోదు.

నాలుగూ యాభై నాలుగుకి ఫోను మోగింది. పార్వతీదేవి వీడియో పంపింది. కౌంటరు ముందు తెల్ల చొక్కా మనిషి కత్తి తెరిచి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. గోపాలరావు ఏదో అంటే తలెత్తి నవ్వాడు. మొహం పూర్తిగా కనిపించింది.

దేవేందర్.

“ఎవరయ్యా బయట!” రాఘవేందర్ కుర్చీ వెనక్కి పడిపోయింది. “దేవేందర్‌ను లోపలికి తీసుకరా!”

తలుపు తెరుచుకుంది. వచ్చింది తారాబాయి. రెండు చేతులూ జోడించి గుమ్మంలో నిలబడింది.

“ఇంకా ఇక్కడే ఉన్నవేందమ్మా?” స్రవంతి లేచి ఆమె దగ్గరికి వచ్చింది. “పరమేష్ ఏడి?”

“పంపించిన బిడ్డా. నీకు దండం పెట్టకుంట ఎట్ల పోత? అందుకే నేను ఆగిన. ఆడు నిన్నటి సంది తిండి లేకుంట ఉన్నడు, ముందుగాల ఇంటికి పో అన్న.” కొంగుతో కళ్లొత్తుకుంది. “దేవేందర్ సారు మంచోడు బిడ్డా. పొరపాటున చెప్పిన, మాఫ్ చెయ్యమని నా కాళ్లు వట్టుకుండు. ఇంటికాడ దింపుతనని తన కార్లనే ఎక్కిచ్చుకపోయిండు.”

“ఎంతసేపైంది?”

“గిప్పుడే. పది నిమిషాలుంటది.”

రాఘవేందర్ జీపు తాళాల కోసం తడుముకుంటున్నాడు. స్రవంతి పరమేష్ నంబరు నొక్కింది. రింగయింది. ఆ మోత సీఐ బల్ల సొరుగులోంచి, పోలీసులు నిన్న లాక్కుని తిరిగి ఇవ్వడం మర్చిపోయిన అతని ఫోనులోంచి వినిపించింది.

గుమ్మంలో తారాబాయి జోడించిన చేతులు ఇంకా దించలేదు.